నూలు మేస్త్రి గీసిన సుద్దగీత

రండి, దగ్గరగా జరగండి. ఆ మూల కూర్చుంటే సగమే వినపడుతుంది, ఆ సగంతో రేపు మీరు ఇంకో కథ అల్లేస్తారు. ఇలా నా మోకాళ్ళ దగ్గరికి రండి. చేతిలోది పక్కన పెట్టండి. ఊ, ఇప్పుడు చెబుతాను.

ఇది చేపల తొట్టి కథ. కాదు, తొట్టిని మోసిన స్టాండు కథ. అదీ కాదు, ఒక పెద్దమనిషి నాలుగు రోజులపాటు మింగలేక కక్కలేక ఇల్లంతా తిరిగిన కథ.

ఆయన వడ్రంగి. అందరూ నూలు మేస్త్రి అనేవారు. బట్టల నూలు కాదర్రా. అంగుళాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కని వడ్రంగులు నూలు అంటారు. ఆయన బిగించిన తలుపుకీ గుమ్మానికీ మధ్య ఒక్క నూలుకి మించి సందు ఉండేది కాదు. ఎవరి పనిలోనైనా రెండు నూళ్ళు కనిపిస్తే, చేసినవాణ్ణి పిలిచి మరీ అడిగేవాడు: "ఏరా, ఇది గాలి కోసం వదిలావా, బల్లి కోసం వదిలావా?"

ఇంకో పట్టుదల కూడా ఉండేది ఆయనకి. చెక్కకి రంగు వెయ్యనిచ్చేవాడు కాదు. "రంగంటే ముసుగు. మంచి చెక్కకి ముసుగెందుకు? పాలిష్ పెట్టు, దాని మొహం దాన్ని కనపడనీ" అనేవాడు. ఈ మాట గుర్తుంచుకోండి.

ఆ ఇంట్లో నలుగురు. మేస్త్రి, ఆయన భార్య, కొడుకు, కోడలు. కొడుకు కరెంటు పనివాడు. కోడలు ముందుగదిలో కిటికీ పక్కన మిషను వేసుకుని బట్టలు కుట్టేది. అదే గదిలో ఎదుటి గోడకి ఆనించి చేపల తొట్టి. దాని కింది స్టాండు మేస్త్రి చేసిందే. చేతులు వణకడం మొదలై పని మానేసే ముందు ఆయన చేసిన చివరి వస్తువు అది. ఆరేళ్ళ కిందటి మాట. మూడడుగుల పొడవు, నడుమంత ఎత్తు, నాలుగు కాళ్ళు, చుట్టూ పట్టీలు, పైన దళసరి పలక. చిత్రం ఏమిటంటే, జన్మంతా రంగుని తిట్టిన మనిషి ఆ స్టాండుకి మాత్రం ముదురు గోధుమరంగు మూడు పూతలు వేశాడు. "నీళ్ళ దగ్గర ఉండేది కదా, తడి పట్టకుండా" అన్నాడు. అందరూ నమ్మారు.

తొట్టిలో తొమ్మిది బకెట్ల నీళ్ళు, ఒక్క బంగారు చేప. ఒక్కటే గానీ తిండి నలుగురిది. తోక తిప్పితే అద్దానికి కొట్టుకునేంత అయింది. మేస్త్రి భార్య దాన్ని బొద్దుగాడు అనేది.

ఆ ఏడు ఆవిడ స్నానాలగదిలో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కునేదాకా కాలు కింద పెట్టొద్దన్నారు డాక్టరు. లోపలి గదిలో పడుకుంటే పలకరించే దిక్కు ఉండదని మంచం ముందుగదిలోకి తెప్పించుకుంది, సరిగ్గా తొట్టి పక్కకి. తల ఇటు తిప్పితే చేప. అటు తిప్పితే కోడలు, దాని మిషను. కాళ్ళవైపు వీధి. "ఇంతకంటే సుఖం రాణీగారికి కూడా ఉండదే" అనేది.

ఇలా ఉండగా కొడుకు ఒక పళ్ళ డాక్టరు దగ్గర లైట్లు మార్చడానికి వెళ్ళాడు. అక్కడ గదులన్నీ కొత్తగా మారుస్తున్నారు, పెద్ద చేపల తొట్టి ఒకటి బయట పెట్టేశారు. పట్టుకుపొమ్మన్నారు. పొడవూ వెడల్పూ కొలిస్తే ఇంట్లో తొట్టి కొలతే! ఎత్తు మాత్రం ఒకటిన్నర రెట్లు. అమ్మకి కాలక్షేపం, చేపకి చోటు అని మురిసిపోతూ, బావమరిదిని పిలిచి ఇంటికి మోయించాడు. ఆ బావమరిది కోడలికి అన్న, లారీ డ్రైవరు, నూటపది కిలోల మనిషి. ఆయన్ని ఆ ఇంట్లో అందరూ లారీ బావ అనే అనేవారు, మేస్త్రితో సహా.

"అచ్చులో పోసినట్టుంది చూడు. ఒక్క అంగుళం అటూ ఇటూ లేదు" అన్నాడు కొడుకు.

కోడలు మిషను ఆపింది. "పొడవూ వెడల్పూ సరే. ఎత్తు పెరిగితే నీళ్ళు పెరగవూ? ఆ స్టాండు ఆగుతుందా? నడుం కొలత ఒక్కటీ చూసి జాకెట్టు కుట్టేస్తానా నేను?"

"అబ్బ, ప్రతిదానికీ జాకెట్టేనా!"

"అన్నయ్యా, నువ్వు చెప్పు. బరువులెక్కించేవాడివి."

లారీ బావ వేళ్ళు మడిచాడు. "లీటరు నీళ్ళు కిలో. ఇందులో పధ్నాలుగు బకెట్లు పడతాయి. బకెట్టుకి పదిహేను లీటర్లు. రెండొందల పది. అద్దాలు యాభై, అడుగున గులకరాళ్ళు ఇరవై. అంటే నాలాంటివాళ్ళు ఇద్దరున్నర."

"ఒక్కడివే ఉన్నావు, భూమి ఓర్చుకుంటోంది. ఇంకో ఒకటిన్నర ఎందుకురా!" అంది మంచం మీంచి పెద్దావిడ.

"ఎక్కి చూద్దాం అత్తయ్యా. నేనూ, బావా, చెల్లీ. రెండొందల నలభై అయిపోతుంది. మిగిలింది ఏపాటి?"

పాత తొట్టి ఖాళీ చేసి దించారు. బొద్దుగాణ్ణి బట్టలు నానబెట్టే టబ్బులోకి మార్చారు. ముగ్గురూ స్టూలు వేసుకుని స్టాండెక్కారు. "ముందు ఆ ఫ్యాను ఆపండర్రా, తలలు తెగుతాయి!" అని అరిచింది పెద్దావిడ. ఫోను ఆవిడ చేతికిచ్చి ఫొటో తియ్యమన్నారు. గోడ సున్నం బట్టలకి అంటుతుందని ముగ్గురూ ముందంచుకి జరిగారు.

"నవ్వండి. ఒరేయ్ లారీ బావా, నువ్వు కాదు. నువ్వు నవ్వితే ఇల్లూగుతుంది."

స్టాండు కిర్రుమనలేదు. ఫొటో వచ్చింది. ముగ్గురూ దిగారు.

గుమ్మంలో నిలబడ్డ మేస్త్రి అంతా చూశాడు. వాళ్ళ బరువు ముందుకాళ్ళ మీద పడింది, వెనకకాళ్ళ మీద కాదు. నిలబడింది ఫొటో తీసేంతసేపు, నీళ్ళు నిలబడేది ఏళ్ళ తరబడి. ఇవన్నీ చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. ఇంతలో కొడుకు, "నాన్నా, చేసినవాడివి నువ్వున్నావు. నీ మాటే మాట" అన్నాడు. అందరూ ఆయనవైపు తిరిగారు.

"నా చేతిపని అది. ఏనుగెక్కి తోకాడించినా ఒక్క నూలు కదలదు" అన్నాడు మేస్త్రి.

ఆ మాట అలా వచ్చేసింది. వచ్చాక ఆయన చూపు స్టాండు వెనకకాలి మీదికి పోయింది.

ఎందుకంటారా? ఆరేళ్ళ కిందట ఆ స్టాండు చేసేటప్పుడు, మంచం తలవైపుకి వచ్చిన ఆ వెనకకాలు ఉంది చూశారూ, దాన్ని ఆయన పొట్టిగా కోశాడు. టేపు మీద అంకె తప్పు చదివాడు. కళ్ళు అప్పటికే మసక. కళ్ళజోడు పెట్టుకుంటే మేస్త్రికి చూపు పోయిందంటారని పెట్టుకునేవాడు కాదు. నాలుగు వేళ్ళ మేర తగ్గింది. ఇంకో ముక్క తెచ్చుకోవాలంటే ఎందుకని అడుగుతారు. నూలు మేస్త్రి నాలుగు వేళ్ళు తప్పాడని తెలిసిపోతుంది. అందుకని ఇంట్లో మిగిలిన తుండు ఒకటి తీసుకుని, దాన్నీ కాలినీ ఏటవాలుగా కోసి, జిగురు పెట్టి, రెండు మరమేకులు బిగించి అతుకు వేశాడు. అతుకు మీద జిగురూ రంపపు పొట్టూ కలిపి మెత్తి, ఆ కాలొక్కటే రంగుతో ఉంటే బాగోదని మొత్తం స్టాండుకే రంగు పూశాడు. తొమ్మిది బకెట్లు అది మోసింది. పధ్నాలుగు మోస్తుందో లేదో ఆయనకే తెలీదు.

కొడుకు నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టాడు. మేస్త్రి లెక్కపెట్టాడు. తొమ్మిదోది దాకా నిలబడి చూశాడు. పదోది పోస్తుంటే వీధిలోకి వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చాడు. పన్నెండు. మళ్ళీ వెళ్ళాడు.

"ఏమిటండీ, కాలుగాలిన పిల్లిలా? కాలు విరిగింది నాది కదా!" అంది భార్య.

సాయంత్రానికి మొదటి ఎత్తు వేశాడు. "ఏమే, మంచం అటు జరుపుకుందామా? ఇక్కడ నీకు ఎండ తగులుతోంది."

"కిటికీ అటువైపుంటే ఎండ ఇటెలా వస్తుంది?"

"గాలి తగలదు."

"తలమీద ఫ్యాను తిరుగుతోంది."

"ఆ పంపు చప్పుడుకి నీకు నిద్ర పట్టదు."

"నాకు పంపు చప్పుడు కాదు, మీ చప్పుడే. కాసేపు కూర్చోరూ!"

కూర్చున్నాడు. లేచాడు. ఆ వెనకకాలి దగ్గరికి వెళ్ళి, వంగి, చెవి ఆనించాడు. చెక్కలోంచి పంపు గురగుర తప్ప ఇంకేమీ వినపడలేదు. దాంతో ధైర్యం రాలేదు, ఇంకా గుబులు పుట్టింది.

మర్నాడు పొద్దున్న కోడలి మిషను మీద సుద్దబిళ్ళ కనిపించింది. కుట్టేవాళ్ళు గుడ్డ మీద గీతలు గీసుకునేది. దాన్ని జేబులో వేసుకుని, స్టాండు వెనక్కి దూరి, అతుకు ఉన్న చోట రంగు మీద నిలువుగా ఒక గీత గీశాడు. సగం గీత పైముక్క మీద, సగం కిందిముక్క మీద. అతుకు జారితే గీత విరుగుతుంది. పాత పనివాడి కిటుకు అది.

భార్యకి మంచం మీంచి ఆయన బట్టతల మాత్రం కనిపిస్తోంది. "అక్కడేం చేస్తున్నారు?"

"చీమలు. చీమల సుద్ద గీస్తున్నా."

"చీమలా? నాకు ఒక్కటీ కుట్టలేదే!"

"కుట్టకముందే గీస్తారు."

ఆ రోజు ఆయన ఎన్నిసార్లు చీమల్ని చూడ్డానికి వెళ్ళాడో లెక్కలేదు. కాఫీ తాగి ఒకసారి, స్నానం చేసి ఒకసారి, వీధి చివరిదాకా వెళ్ళి చెప్పులు కూడా విడవకుండా ఒకసారి. కోడలు, "మావయ్యా, నా సుద్దబిళ్ళ చూశారా?" అంటే, "నాకెందుకమ్మా సుద్ద!" అని జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

మూడో రోజు పొద్దున గీత ఆయన కంటికి తిన్నగానే కనిపించింది. మధ్యాహ్నం ఎలాగో అనిపించింది. ఆ కళ్ళతో నమ్మకం లేదు. భార్య దిండు పక్కనున్న కళ్ళజోడు తీసుకుని వెళ్ళి చూశాడు. పైగీత చివర, కిందిగీత మొదలు కలవడం లేదు. అర నూలు. సరిగ్గా అర నూలు పక్కకి.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. గదిలోకి తిరిగాడు. భార్య బొద్దుగాడితో కబుర్లు చెబుతోంది. "మీ తాత కట్టిన మేడ ఎలా ఉందిరా? లోకంలో ఇంకెవరికీ చేతకాదు ఆ పని" అంటోంది. మేస్త్రి వెళ్ళి పక్కన కూర్చున్నాడు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టాడు. సాయంత్రం కొడుకు వచ్చాక చెబుదామనుకున్నాడు. కొడుకు వచ్చాడు, పక్కింటాయనకి స్టాండు చూపించి, "మా నాన్న పని" అన్నాడు. మేస్త్రి లోపలికి వెళ్ళిపోయాడు. రేపు ఇనపపట్టీ తెచ్చి బిగించేద్దాం, ఎవరికీ చెప్పక్కర్లేదు అని సర్దిచెప్పుకున్నాడు. స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుంటే అది కొన దగ్గర ఇలా ఇలా ఊగింది.

నాలుగో రోజు మధ్యాహ్నం కొడుకూ లారీ బావా కలిసి రెండు గోనెసంచులు మోసుకొచ్చారు. ఏటి రాళ్ళు, ఒక్కొక్కటీ పుచ్చకాయంత. తొట్టిలో కొండలా పేరుస్తారట. ఒక బకెట్టు నీళ్ళు తోడేసి, కొడుకు మొదటి రాయి రెండు చేతుల్తో ఎత్తాడు. మేస్త్రి వెళ్ళి తొట్టికీ వాడికీ మధ్య నిలబడ్డాడు.

"వెయ్యకు."

"ఎందుకు నాన్నా?"

"వెయ్యకన్నానా!"

"మొన్న ఏనుగన్నావుగా!"

లారీ బావ నవ్వాడు. "ఏనుగుకి సీటుంది బావా. రాళ్ళకి టికెట్టు లేదంటున్నారు మావయ్యగారు."

కోడలు కూడా నవ్వింది. మేస్త్రి నవ్వలేదు. పక్కనున్న చెంబు తీసుకుని తొట్టిలో ముంచి బకెట్లో పోశాడు. మళ్ళీ ముంచాడు. మోచేతులదాకా తడి, చెయ్యి వణికి సగం నీళ్ళు నేలమీదే. వంగినప్పుడల్లా జేబులోవి ఒక్కొక్కటే జారిపడ్డాయి. సుద్దబిళ్ళ, టేపు, కళ్ళజోడు.

"అవి నావే! నిన్నట్నుంచీ వెతుకుతున్నా" అంది భార్య.

"కాలు పొట్టిగా కోశాను" అన్నాడు మేస్త్రి, చెంబు ఆపకుండా. "ఆరేళ్ళ కిందట. అతుకు వేసి రంగు పూశాను. ఇప్పుడది జారుతోంది. మంచం లాగండి ముందు. లాగండిరా!"

లారీ బావ ఒక్కడే మంచాన్ని మనిషితో సహా గది అవతలికి లాగేశాడు. కొడుకు పైపు తెచ్చి తొట్టిలో వేసి, రెండో కొస వీధి కాలవలోకి వదిలాడు. నీళ్ళు దిగుతుంటే కోడలు కత్తెర మొనతో ఆ కాలి మీద రంగు గీకింది. పొట్టు రాలింది. ఏటవాలు గీత బయటపడింది. కోడలు జాకెట్టుకి గుచ్చుకున్న సూది తీసి ఆ సందులో పెట్టి చూసింది. సూది నిలువునా దిగిపోయింది.

"దీనిమీద నేను గెంతుదామనుకున్నా. చెల్లి చూపుకి భయపడి ఆగాను" అన్నాడు లారీ బావ, మొహం పాలిపోయి.

పెద్దావిడ అవతలి గోడ దగ్గర్నుంచి చూస్తోంది. "ఏ కాలండీ అది?"

"నీ తలవైపుది."

"జారుతోందని ఎప్పుడు తెలిసింది?"

"భయం మొదటిరోజు నుంచీ ఉంది. తెలిసింది నిన్న మధ్యాహ్నం."

"నిన్న మధ్యాహ్నం నాకు అరటిపండు ఒలిచి పెట్టారు. అప్పటికి తెలుసా?"

మేస్త్రి చేతిలో చెంబు అలాగే ఉంది. "తెలుసు."

"నలభై ఏడేళ్ళయింది నన్ను చేసుకుని. ఒక కర్రముక్క కంటే తేలికైపోయానా?"

ఆవిడ మొహం గోడవైపు తిప్పేసుకుంది.

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. పలకరిస్తే కోడలికి జవాబు చెప్పేది. "అమ్మాయ్, నాకు మంచినీళ్ళు అక్కర్లేదని చెప్పు." ఆ రెండు రోజులూ మేస్త్రి మళ్ళీ ఇల్లంతా తిరిగాడు, కానీ ఇప్పుడు చూడ్డానికి గీత కూడా లేదు. కాలికి అడ్డంపడే బొద్దుగాడి టబ్బు, ఖాళీ గోడ, అంతే. తోచక కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళి సొంతానికి ఒకటి చేయించుకున్నాడు. మూడో రోజు అది పెట్టుకుని వీధిలోంచి వచ్చాడు, అందరూ చూస్తుండగానే. వెనకాల కొడుకు భుజం మీద కొత్త చెక్క.

ఆయన చేతులతో రంపం సాగదు. కోడలు పట్టుకుంది. "గుడ్డ కాదమ్మా, లాగకు. తొయ్యి. దాన్ని దాని దోవన పోనీ" అని పక్కన నిలబడి చెప్పాడు. టేపు చదివి, "ఇరవై తొమ్మిది అంగుళాల మూడు నూళ్ళు" అన్నాడు.

"ఇంకోసారి చదవమను" అంది మంచం మీంచి గొంతు.

చదివాడు.

"టేపు నాకిమ్మను." ఆవిడ కూడా చదివింది. "ఊ. కొయ్యండి." ఆ రెండు రోజుల తర్వాత ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది.

కోడలు కోసిన మొదటి కాలు రెండు నూళ్ళు వంకర వచ్చింది. మేస్త్రి దాన్ని కంటికి ఎదురుగా పట్టి చూశాడు. బల్లి మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"పనికిరాదమ్మా. ఇంకో ముక్క తీసుకో."

"అతుకేసేద్దామా మావయ్యా?" అంది కోడలు అమాయకంగా మొహం పెట్టి.

పక్కున నవ్వింది పెద్దావిడ. తొడమీద చెయ్యి వేసుకుని, నొప్పికి అమ్మో అంటూ, మళ్ళీ నవ్వింది. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. ఆయనా నవ్వాడు కానీ కాస్త ఆలస్యంగా.

కొత్త స్టాండుకి ఆరు కాళ్ళు. పట్టీలు ఈసారి మేకులకి వేలాడవు, కాళ్ళలో గాడి కోసి అందులో కూర్చోబెట్టారు. బరువు చెక్క మీంచి చెక్క మీదికి దిగి నేలకి పోవాలి, మేకు పని పట్టుకోవడమే. రంగు వెయ్యలేదు. వంకర గాడులూ కోడలి రంపపు గాట్లూ అన్నీ పాలిష్ కింద కనపడుతూనే ఉన్నాయి. సగం నీళ్ళు పోసి ఒక రోజు ఆగారు. నిండా పోసి మూడు రోజులు. ప్రతి అతుకు మీదా సుద్దగీత. ఒక్కటీ విరగలేదు. అప్పుడు బొద్దుగాణ్ణి వదిలారు. మంచం దగ్గరికి జరపనా అంటే పెద్దావిడ, "ఇంకో వారం అక్కడే ఉంచండి. చేప కనపడుతూనే ఉంది" అంది. వారం పోయాక తనే జరపమంది.

ఆ తర్వాత ఎవరైనా వచ్చి, "మేస్త్రీ, మా స్టాండు మీద పెద్ద తొట్టి పెట్టొచ్చా?" అని అడిగితే ఆయన ఆగుతుందనీ అనేవాడు కాదు, ఆగదనీ అనేవాడు కాదు. కిటికీలో పెట్టుకున్న ఆ పాత స్టాండు కాలు తీసి వాళ్ళ చేతిలో పెట్టేవాడు. "ఇది నేనే చేశాను. ముందు దీన్ని చూడు. తర్వాత మీ ఇంటికి వెళ్ళి, దాన్ని చేసినవాణ్ణి కాదు, దాని కాళ్ళని అడుగు" అనేవాడు.

ఇదర్రా సంగతి. మీరు దీన్ని గుర్తుంచుకోవాలి, మీ పిల్లలకి చెప్పాలి. బకెట్ల లెక్క తప్పినా ఫరవాలేదు, చేప పేరు మార్చుకున్నా నేనేమీ అనుకోను. కానీ మేస్త్రి మంచివాడు కదా అని ఆ నాలుగు రోజులూ దాటవేసి, చివరి రోజొక్కటే చెప్పకండి. అరటిపండు సంగతి కూడా చెప్పండి. అది చెప్పకపోతే మీరు కూడా రంగు పూసినట్టే.